ప్లాటినం బొరియలు, ఆయకట్టు చివరి పొలాలు

పోయిన ఎండాకాలం ఇంట్లో ఉన్న పాత గాజులు రెండు, తెగిన గొలుసు ఒకటి శుద్ధి చేయించుకుందామని నల్లగొండలో మాకు ఎప్పటినుంచో తెలిసిన అవుసలాయన దుకాణానికి వెళ్లాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న మా మేనకోడలు కూడా నాతో వచ్చింది. ఆయన మా బంగారాన్ని తూచి, దానికి మూడింతల వెండి కలిపి మూసలో వేసి కరిగించాడు. కరిగినదాన్ని నీళ్ల బకెట్‌లోకి సన్నటి ధారగా వంపితే రవ్వలు రవ్వలుగా గడ్డకట్టింది. ఆ రవ్వను గాజు పాత్రలో వేసుకుని పెరట్లోకి తీసుకుపోయి తేజాబ్ పోశాడు. ఇక్కడి అవుసలి పనిలో తేజాబ్ అంటే నత్రికామ్లం. ఎర్రటి పొగ లేచింది. "జర దూరం జరుగు బిడ్డా, ఆ పొగ మంచిది కాదు" అన్నాడు మేనకోడలితో.

పొగ ఆగాక పైన తేరిన ద్రవాన్ని వంపేశాడు. అడుగున మిగిలింది తడిసిన కాఫీపొడి లాంటి గోధుమరంగు బురద. "గిదే మీ బంగారం సారూ" అన్నాడు. నేను ఇరవై ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నవాణ్ణే, అయినా నమ్మబుద్ధి కాలేదు. దాన్ని కడిగి, ఆరబెట్టి మంట తగిలించాడు. ఇంకా కరగలేదు, వెలిగారం కూడా చల్లలేదు, కానీ మా కళ్ల ముందే ఆ గోధుమరంగు పోయి పొడి మొత్తం పచ్చబడింది.

"మామా, నా సెమినార్ టాపిక్ ఇదే గదా!" అంది మేనకోడలు.

నిజంగా అదే. ఆమె టాపిక్ హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్స్ కోసం తయారుచేసే, కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలున్న ప్లాటినం, పల్లాడియం, బంగారం. ఇంటికి వస్తూ ఆటోలో ఒక ప్రశ్న అడిగింది. "ఇట్లాంటి ప్లాటినం మామూలు దానికంటే ఇరవై రెట్లు ఎక్కువ పనిచేస్తదని 2014లనే పేపర్ వచ్చింది. మరి బండ్లల్ల ఎందుకు రాలే మామా?" ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తిగా లేదు. తర్వాత కొన్ని నెలలు చదివి, ఆమెతో వాదించి, అర్థం చేసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఫ్యూయల్ సెల్ సంగతి. నీటిలోకి కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుందని పదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఆ రెండింటినీ మళ్లీ కలిపితే కరెంటు తిరిగి వస్తుందని 1839లో విలియం గ్రోవ్ చూపించాడు. అప్పుడే ఆయన వాడింది ప్లాటినం. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల్లో కరెంటు, తాగునీళ్లు రెండూ ఫ్యూయల్ సెల్స్ నుంచే వచ్చాయి. మన ఇస్రో 2024 జనవరి 1న పీఎస్‌ఎల్‌వీ సి58తో పంపిన వేదిక మీద చిన్న ఫ్యూయల్ సెల్‌ను భూమికి 350 కిలోమీటర్ల పైన నడిపి 180 వాట్ల కరెంటు తీసింది.

లోపలి అమరిక చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. మధ్యలో వెంట్రుక మందం కూడా లేని ఒక ప్లాస్టిక్ పొర. దానికి రెండు పక్కలా ఉత్ప్రేరకం పూత, అంటే తాను ఖర్చవకుండా చర్యను వేగంగా నడిపించే పదార్థం, ఇక్కడ ప్లాటినం. ఒక పక్క హైడ్రోజన్, ఇంకో పక్క గాలి. హైడ్రోజన్ ప్లాటినాన్ని తాకగానే ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. పొర ప్రోటాన్లను మాత్రమే అవతలికి పోనిస్తుంది. ఎలక్ట్రాన్లు వైరు గుండా చుట్టు తిరిగి వెళ్లాలి. ఆ చుట్టు తిరగడమే మనకు దక్కే కరెంటు. అవతలి పక్కన ఆక్సిజన్ ఈ ప్రోటాన్లను, ఎలక్ట్రాన్లను కలుపుకుని నీరవుతుంది.

హైడ్రోజన్ వైపు పని క్షణంలో అయిపోతుంది, అక్కడ చిటికెడు ప్లాటినం చాలు. కష్టమంతా ఆక్సిజన్ వైపే. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. వాటిని విడదీయాలి, నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు అందించాలి, పుట్టిన నీళ్లను వదిలేయాలి. ఉత్ప్రేరకం ఆక్సిజన్‌ను మరీ వదులుగా పట్టుకుంటే అది విడిపోదు. మరీ గట్టిగా పట్టుకుంటే పని అయిపోయినా జాగా ఖాళీ చేయదు. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పాల్ సబాటియే వందేళ్ల కిందట చెప్పిన సూత్రం ఇది. మనకు తెలిసిన లోహాల్లో ఈ మధ్యేమార్గానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ప్లాటినం. అయినా అదీ కొంచెం ఎక్కువ గట్టిగానే పట్టుకుంటుంది. ఆ కొంచెం వల్ల కలిగే నష్టం మాత్రం చిన్నది కాదు. లెక్క ప్రకారం ఒక సెల్ నుంచి 1.23 వోల్టులు రావాలి. బండిని లాగేటప్పుడు చేతికొచ్చేది 0.6 నుంచి 0.7 మధ్య. మిగిలినది వేడిగా పోతుంది, అందులో పెద్ద వాటా ఈ ఆక్సిజన్ దగ్గరి మందకొడితనానిదే.

దాంతో ఆక్సిజన్ వైపు ప్లాటినం ఎక్కువ పూయాల్సి వస్తోంది. ప్రపంచంలో తవ్వే ప్లాటినంలో మూడింట రెండు వంతులకు పైగా దక్షిణాఫ్రికా నుంచే వస్తుంది. మనం దాదాపు మొత్తం దిగుమతి చేసుకుంటాం. కాబట్టి ప్రతి గ్రాము నుంచి ఎంత పని రాబట్టగలం అన్నది శాస్త్రం ప్రశ్నే కాదు, డబ్బు ప్రశ్న కూడా.

గ్రాము ప్లాటినం, 111 గజాల ప్లాటు

ఉత్ప్రేరకం పని జరిగేది పైపైనే. లోపల పూడుకుపోయిన పరమాణువులు ఆక్సిజన్ ముఖం కూడా చూడవు. ఒక గ్రాము ప్లాటినాన్ని చిన్న ఘనంగా పోత పోస్తే దాని భుజం మూడున్నర మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది, ఆరు ముఖాలు కలిపినా చదరపు సెంటీమీటరు రాదు. అదే గ్రామును 3 నానోమీటర్ల రేణువులుగా చేస్తే ఉపరితలం లెక్కకు 93 చదరపు మీటర్లు తేలుతుంది. మన భాషలో 111 గజాల ప్లాటు. చిన్న ఇల్లు కట్టుకోవచ్చు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు, ఆ రేణువు అడ్డంగా పది పదకొండు పరమాణువులకు మించి పట్టవు.

ఇప్పుడు వాడకంలో ఉన్నది ఇదే పద్ధతి. మసి లాంటి కర్బనం మీద ఇలాంటి రేణువులను చల్లుతారు. ఇబ్బంది ఏమిటంటే అవి చల్లిన చోట ఉండవు. చిన్న రేణువు కరిగి పక్కనున్న పెద్ద రేణువు మీద పేరుకుంటుంది. కొన్ని జరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేసే క్షణాల్లో వోల్టేజీ ఎగబాకి కింద ఆధారంగా ఉన్న కర్బనమే కాలిపోతుంది, దాని మీది ప్లాటినం రాలిపోతుంది. కొత్తలో 111 గజాలున్న ప్లాటు ఏడాదికేడాది కబ్జా అయిపోయినట్టు తరిగిపోతుంది.

కర్బనం అవసరం లేకుండా, రేణువులన్నీ ఒకదానికొకటి అల్లుకుని తన కాళ్ల మీద తానే నిలబడే ప్లాటినం స్పాంజి ఉంటే ఎలా ఉంటుంది? రంధ్రాల లోహాల ఆలోచన మొదలైంది ఇక్కడే. ఆ స్పాంజిని ఎలా చేయాలో మా అవుసలాయనకు ముందే తెలుసు.

పెరట్లో జరిగింది ఏమిటి

వెండి, బంగారం కలిసి కరిగినప్పుడు రెండు రకాల పరమాణువులు ఒకే వరుసల్లో కలగాపులగంగా సర్దుకుంటాయి. తేజాబ్ తగలగానే పైనున్న వెండి పరమాణువు ద్రవంలోకి వెళ్లిపోతుంది. బంగారానికి తేజాబ్ అంటే లెక్కలేదు. కానీ పక్కనున్న వెండి పోయాక బంగారం పరమాణువు ఒంటరిదవుతుంది. అది ఊరుకోదు, ఉపరితలం మీదే జారుకుంటూ పోయి తనలాంటి వాటితో కలిసి చిన్న గుంపు కడుతుంది. అది ఖాళీ చేసిన చోట కింది వరుసలోని వెండి బయటపడుతుంది. తేజాబ్ దాన్నీ లాగేస్తుంది. ఇలా ఆమ్లం లోపలికి తవ్వుకుంటూ పోతుంటే బంగారం దాని వెనకే గోడలు కట్టుకుంటూ వస్తుంది. చివరికి మిగిలేది కొన్ని నానోమీటర్ల మందం తీగలు అల్లుకున్న స్పాంజి. ఈ నడకను 2001లో జోనా ఎర్లెబాకర్, ఆయన సహచరులు కంప్యూటర్ నమూనాతో వివరించారు. అవుసలివాళ్లు ఆ పనిని తరాలుగా చేతులతో చేస్తున్నారు.

మూడు పాళ్ల వెండి ఎందుకో కూడా ఇందులోనే తెలుస్తుంది. "తక్కువ వేస్తే ఏమైతది కాకా?" అని అడిగాను. "తేజాబ్ లోపటికి పోదు సారూ. పైపైన తిని ఆగిపోతది" అన్నాడు. సరిగ్గా అంతే. వెండి పరమాణువులు ఒకదాన్నొకటి తాకుతూ లోపలి దాకా దారి కట్టాలంటే మొత్తంలో సగానికి మించి ఉండాలి. లేకపోతే బంగారం గోడ కట్టేసి ఆమ్లాన్ని బయటే ఆపేస్తుంది. మూడు పాళ్లు వేస్తే ఆ భయం ఉండదు.

ఈ కిటుకును పరిశ్రమలోకి తెచ్చినవాడు అమెరికన్ ఇంజనీరు మర్రే రేనీ. 1920లలో పత్తిగింజల నూనెను గడ్డకట్టించడానికి మంచి ఉత్ప్రేరకం కోసం వెతుకుతూ, నికెల్‌లో అల్యూమినియం కలిపి, ఆ అల్యూమినియాన్ని కాస్టిక్ సోడాతో కరిగించేశాడు. మిగిలిన నికెల్ స్పాంజి ఈనాటికీ రేనీ నికెల్ పేరుతో అమ్ముడవుతోంది. ప్లాటినం విషయంలో వెండి స్థానంలో నికెల్, కోబాల్ట్ లేదా రాగి వేసి, ఆమ్లంతోనో కరెంటుతోనో తీసేస్తారు.

అదే పెరట్లో ఇంకో పద్ధతి కూడా కనిపించింది. ఆయన వంపేసిన ద్రవాన్ని పారబోయలేదు. అందులో మా వెండి ఉంది మరి. ఒక రాగి రేకు దాంట్లో ముంచి పెట్టాడు. కాసేపటికి రేకు మీద బూడిదరంగు నూగులా వెండి పేరుకుంది, ద్రవం నీలంగా మారింది. రాగి తాను కరిగి ద్రవంలోకి పోతూ వెండిని బయటికి నెట్టింది. నానో స్థాయిలో ఇదే చేయాలంటే వెండితో చేసిన అతి చిన్న ఘనాలను బంగారం లేదా ప్లాటినం లవణం కరిగిన నీళ్లలో వేస్తారు. వెండి లోపలి నుంచి కరిగిపోతుంది, విలువైన లోహం పైన గుల్లగా కడుతుంది. చివరికి కిటికీలున్న పంజరం మిగులుతుంది. మూడో దారి విగ్రహాలు పోసేవాళ్ల మైనపు పోత లాంటిది. సిలికాతోనో, సబ్బు లాంటి అణువులు కట్టే వరుసలతోనో అచ్చు తయారుచేసి, చుట్టూ ప్లాటినం నింపి, అచ్చును తీసేస్తే ఖాళీలు మిగులుతాయి. నానో రేణువులను గంజిలా గట్టిపరిచి, ఆకారం కుంగకుండా ఆరబెట్టి, చాలా తేలికైన లోహపు నురుగు చేసేవాళ్లు కూడా ఉన్నారు.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు, నేనూ చేశాను. రంధ్రాలున్నాయంటే ఉపరితలం అమాంతం పెరిగిపోతుందనుకుంటాం. లెక్క వేసి చూడండి. స్పాంజిలో తీగ మందం 5 నానోమీటర్లు అనుకుంటే గ్రాముకు వచ్చేది సుమారు 37 చదరపు మీటర్లు, అంటే 44 గజాలు. రేణువుల 111 గజాల ముందు ఇది సగం కూడా కాదు. మరి ఇరవై రెట్ల మాట ఎక్కడిది?

అది విస్తీర్ణం వల్ల వచ్చింది కాదు, నేల సారం వల్ల వచ్చింది. నికెల్ పరమాణువు ప్లాటినం కంటే చిన్నది. లోపల కొంచెం నికెల్ మిగిలి, పైన ప్లాటినం పొర ఉంటే, ఆ పై పరమాణువులు ఒకదానికొకటి కాస్త దగ్గరగా నొక్కుకుంటాయి. అలా నొక్కుకున్న ప్లాటినం ఆక్సిజన్‌ను కొంచెం వదులుగా పట్టుకుంటుంది. ఇందాక చెప్పుకున్న ఆ "కొంచెం ఎక్కువ గట్టి" సరిదిద్దుకుంటుంది. మూడు పాళ్ల ప్లాటినం, ఒక పాలు నికెల్ ఉన్న స్ఫటికపు ఒక ముఖం, అలాంటి శుద్ధ ప్లాటినం ముఖం కంటే పది రెట్లు చురుకని 2007లో స్టామెన్‌కోవిచ్ బృందం చూపించింది. 2014లో పైడాంగ్ యాంగ్, స్టామెన్‌కోవిచ్ బృందాలు కలిసి నికెల్ ఎక్కువున్న రేణువుల నుంచి ఆ నికెల్‌ను తొలిపించి, అంచులు మాత్రమే మిగిలిన చట్రాలు చేశాయి. గోడలు తీసేసిన పందిరి లాంటివన్నమాట. గ్రాము ప్లాటినానికి వచ్చే పని మామూలు సరుకుతో పోలిస్తే ఇరవై రెట్లకు పైనే పెరిగింది, 10,000 సార్లు వోల్టేజీ ఎక్కించి దించినా తగ్గలేదు. మేనకోడలు చదివిన పేపర్ ఇదే. అందులో ప్రతి అంకె నిజమే. కానీ ఆ అంకెలు ఎక్కడ కొలిచారన్నదే అసలు విషయం.

కాగితం మీది ఆయకట్టు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పొలం ఉన్నవాళ్లకు ఈ భాగం నేను చెప్పకుండానే అర్థమవుతుంది. ఆయకట్టు లెక్కలో ఎకరాలు చాలానే ఉంటాయి. కానీ కాలువ మొదట్లో ఉన్నవాళ్లు నాట్లు వేసే రోజుల్లో చివరి భూములకు నీళ్లు చేరవు. రైతులు రాత్రిళ్లు తూముల దగ్గర కాపలా కాస్తారు. పొలం ఉంది, సారం ఉంది, కాలువ కూడా ఉంది, లేనిది నీళ్లే. అదే చివరి పొలానికి ఎవరూ నీళ్లు వాడని రోజుల్లో నీరు చక్కగా పారుతుంది. ఆ రోజు వచ్చి కొలిచిన ఆఫీసరుకు ఆయకట్టు మొత్తం తడిసినట్టే కనిపిస్తుంది.

ల్యాబ్‌లో కొలత సరిగ్గా అలాంటి రోజునే జరుగుతుంది. గుండ్రంగా తిరిగే చిన్న కడ్డీ కొనకు ఉత్ప్రేరకాన్ని పలుచగా పూసి, ఆక్సిజన్ కరిగించిన పలుచని ఆమ్లంలో ముంచుతారు. పూత పలుచన, ద్రవం ప్రతి రంధ్రంలోకీ చేరుతుంది, ప్రోటాన్లకు కొదవ లేదు. 0.9 వోల్టుల దగ్గర కొలుస్తారు, అంటే ఆక్సిజన్ గిరాకీ చాలా తక్కువగా ఉన్నప్పుడు. నిమిషానికి 1600 చుట్లు తిప్పినా ఈ పద్ధతిలో చదరపు సెంటీమీటరుకు దాదాపు 6 మిల్లీఆంపియర్లకు మించి రాదు, ద్రవంలో కరిగే ఆక్సిజన్ అంతే కాబట్టి. బండి ఎత్తు ఎక్కుతున్నప్పుడు అదే చదరపు సెంటీమీటరు నుంచి ఒకటిన్నర, రెండు ఆంపియర్లు అడుగుతాం. కొన్ని వందల రెట్లు. నాట్ల కాలం అంటే ఇదే.

ఆ గిరాకీలో రంధ్రం ముఖద్వారం దగ్గరున్న ప్లాటినమే వచ్చిన ఆక్సిజన్‌నంతా వాడేసుకుంటుంది. లోపల మలుపుల వెనక ఉన్నదానికి అందదు. పైగా ఇక్కడ పారాల్సింది ఆక్సిజన్ ఒక్కటే కాదు. ప్రోటాన్లు కూడా ప్రతి పొలానికీ చేరాలి. నిజమైన సెల్‌లో ద్రవ ఆమ్లం ఉండదు కాబట్టి వాటిని మోసుకుపోవడానికి పొరకు వాడే పాలిమర్‌నే జిగురులా ఉత్ప్రేరకంలో కలుపుతారు. ఆ పాలిమర్ గొలుసులు కొన్ని నానోమీటర్ల రంధ్రంలోకి దూరలేవు. అప్పుడు లోపలి గోడల మీది నీటి పొరను పట్టుకునే ప్రోటాన్లు నెమ్మదిగా నడవాలి. సరే, పెద్ద రంధ్రాలు చేసి పాలిమర్‌ను లోపలికి పంపుదామంటే ఇంకో చిక్కు. పాలిమర్‌లోని సల్ఫోనేట్ కొనలు ప్లాటినాన్ని అంటుకుని కూర్చుంటాయి, ఆక్సిజన్‌కు చోటివ్వవు. ఇవి చాలవన్నట్టు తయారైన నీళ్లు బయటికి పోవాలి. సన్నటి రంధ్రంలో నీళ్లు నిలిచిపోతే గాలి రాదు. జాలు పట్టిన పొలంలో పైరు ఎర్రబడినట్టే వోల్టేజీ పడిపోతుంది.

అంటే రంధ్రం సైజు విషయంలో చిన్నదే మంచిదనో, పెద్దదే మంచిదనో ఒక్క మాటలో తేల్చలేం. పెద్ద కాలువ, దాని నుంచి పిల్ల కాలువ, దాని నుంచి మడవ ఉన్నట్టు రంధ్రాల్లోనూ అంచెలు ఉండాలి. కళ్లు చెదిరే ఉపరితలం చూపించే పేపర్లు ఎక్కువ, ఈ అంచెల గురించి ఆలోచించే పేపర్లు తక్కువ అన్నది చదివాక నాకు కలిగిన అభిప్రాయం. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే పరిశ్రమ ఈ పాఠాన్ని వేరే చోట అమలుచేసింది. రంధ్రాలను ప్లాటినంలో కాకుండా కర్బనంలో చేశారు. 4 నుంచి 7 నానోమీటర్ల వెడల్పున్న రంధ్రాల్లో ప్లాటినం రేణువును కూర్చోబెడితే, పాలిమర్ లోపలికి రాక దాన్ని అంటుకోదు, ద్వారం మరీ ఇరుకు కాదు కాబట్టి ఆక్సిజన్ మాత్రం చేరుతుంది. 2020 చివర్లో వచ్చిన రెండో తరం టొయోటా మిరాయ్ కారులో ఇలాంటి రంధ్రాల కర్బనాన్నే వాడారు.

గోధుమరంగు పచ్చబడటం

మంట తగలగానే పొడి రంగు తిరిగిందని మొదట్లో చెప్పాను. ఆ గోధుమరంగు సన్నటి తీగలు, రంధ్రాలు కాంతితో ఆడే ఆట. వేడి తగిలేసరికి ఉపరితలం మీది పరమాణువులు జారి, సన్న తీగలు కలిసి లావెక్కాయి, రంధ్రాలు పూడుకుపోయాయి. అప్పుడు మనకు తెలిసిన పసుపు బయటపడింది. కొలిమి లాంటి వేడి ఫ్యూయల్ సెల్‌లో ఉండదు, 80 డిగ్రీల చుట్టుపక్కల నడుస్తుంది. కానీ ఆమ్లం, నీళ్లు, ఎక్కుతూ దిగుతూ ఉండే వోల్టేజీ కలిసి అదే పనిని నెమ్మదిగా చేస్తాయి. ఉపరితలం తగ్గించుకోవడం లోహానికి సహజం. అరటాకు మీది నీటి బొట్లు కలిసి పెద్ద బొట్టు కావడంలో ఉన్నదే ఇందులోనూ ఉంది.

అమెరికా ఇంధన శాఖ పెట్టిన పరీక్ష 0.6, 0.95 వోల్టుల మధ్య 30,000 సార్లు ఎక్కించి దించడం. ఆ తర్వాత పని 40 శాతానికి మించి తగ్గకూడదు. అల్లుకున్న స్పాంజి ఈ పరీక్షలో రేణువుల కంటే ఒక విషయంలో నయం. రాలిపోవడానికి కింద కర్బనం లేదు, విడిగా తిరగడానికి రేణువులు లేవు. కానీ మిశ్రలోహంలో మిగిలిన నికెల్, కోబాల్ట్, రాగి మాత్రం మెల్లగా కారిపోతూనే ఉంటాయి. అవి పోతే ఇందాకటి నొక్కుడు సడలుతుంది, నేల సారం పోతుంది. పోయినవి ఎక్కడికి పోతాయన్నది ఇంకా పెద్ద చిక్కు, ఎందుకంటే అవి వెళ్లి చేరేది మధ్యనున్న పొరలోకే.

ఇక్కడ నల్లగొండవాడిగా నాకు ఒళ్లు జలదరించిన విషయం ఒకటుంది. మా అమ్మమ్మ వాళ్లది మర్రిగూడ దిక్కు. గారపట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు చూస్తూ పెరిగాను. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములన్నది మా ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన లెక్క, ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 1.5 అని కూడా తెలుసు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు ప్రపంచమంతా ఉంది. ఫ్యూయల్ సెల్ మీద పనిచేసేవాళ్లు కూడా సెల్ నుంచి బయటికి వచ్చే నీళ్లు పట్టి అందులో ఫ్లోరైడ్ కొలుస్తారు!

కారణం సూటిగా ఉంది. నాఫియాన్ లాంటి ఆ పొర కర్బనం, ఫ్లోరిన్ గొలుసులతో చేసింది. ఆక్సిజన్ నీరయ్యే దారిలో కొంత హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఇనుము, రాగి లాంటి లోహ అయాన్లు దాన్ని తాకితే రాడికల్స్ అనే భయంకరమైన చురుకున్న అణువు ముక్కలు తయారవుతాయి. అవి గొలుసులను కొరికేస్తాయి, తెగిన ముక్కల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి వస్తుంది. నికెల్, కోబాల్ట్ ఇంత దుడుకువి కావు, కానీ ప్రోటాన్లు కూర్చోవాల్సిన చోట్లను ఆక్రమించి పొర వాహకతను తగ్గిస్తాయి. బయటి నీళ్లలో ఫ్లోరైడ్ పెరుగుతోందంటే లోపల పొర పలుచబడుతోందని గుర్తు. కొలిచే సాధనాల్లో ఒకటి మన బోరు నీళ్లకు వాడేదే, లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం అమర్చిన ఎలక్ట్రోడ్. ఫ్లోరైడ్ మీటరు పట్టుకోవడం వచ్చిన మన జిల్లా పిల్లలకు ఈ రంగంలోకి ఒక తలుపు తెరిచే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దీనికి విరుగుళ్లు వెతుకుతున్నారు. కారిపోయే లోహాన్ని సెల్‌లో పెట్టకముందే ఆమ్లంతో బాగా కడిగేయడం ఒకటి. ప్లాటినం, కోబాల్ట్ పరమాణువులను కలగాపులగంగా కాకుండా వరుస తప్పకుండా సర్ది, సులభంగా జారిపోకుండా చేయడం ఇంకొకటి. 2007లో రదోస్లవ్ అజిచ్ బృందం ప్లాటినం మీద అతి చిన్న బంగారు గుంపులను అంటించి 30,000 సార్లు వోల్టేజీ తిప్పితే ప్లాటినం కరగడం బాగా తగ్గింది. అన్నిటికీ ఇంకో సంకటం కూడా ఉంది. చట్రాలు, పంజరాలు తయారయ్యేది మిల్లీగ్రాముల్లో. కార్లకు అమెరికా ఇంధన శాఖ పెట్టుకున్న లక్ష్యం చదరపు సెంటీమీటరుకు 0.125 మిల్లీగ్రాముల ప్లాటినం. చదరపు సెంటీమీటరుకు ఒక వాట్ కరెంటు వస్తుందనుకుంటే 100 కిలోవాట్ల బండికి పన్నెండున్నర గ్రాములు కావాలి. వెయ్యి బండ్లకు పన్నెండున్నర కిలోలు. ప్రతి గ్రాములోనూ రంధ్రాలు ఒకే తీరుగా రావాలి, ఆకారం కోసం వాడిన సబ్బు లాంటి పదార్థం మరక కూడా మిగలకూడదు. ఈ పరీక్షలో రేనీ పద్ధతి, అంటే అవుసలి పద్ధతి, మిగతావాటికంటే ముందుంటుందని నా అంచనా. కరిగించడం, కడగడం పెద్ద మోతాదులో చేయగలిగే పనులు. పంజరాలు చూడటానికి అందంగా ఉంటాయి కానీ వాటికోసం ముందు వెండి ఘనాలు ఒక్కో జాడీలో పెంచుకోవాలి.

మన దేశంలో ఈ పని దూరంగా ఏమీ లేదు. హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్న, లోహపు పొడులు, కొత్త పదార్థాల మీద పనిచేసే పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐకి చెన్నైలో ప్రత్యేకంగా ఫ్యూయల్ సెల్ కేంద్రం ఉంది. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్లు కేటాయించారు. హైడ్రోజన్ చవకైతే దాన్ని కరెంటుగా మార్చే సెల్ కూడా చవక కావాలి, అప్పుడు ఈ ఆక్సిజన్ వైపు ప్లాటినం ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది.

మేనకోడలు సెమినార్ బాగానే ఇచ్చింది. పోయిన వారం ఫోన్ చేసి, రంధ్రాల పల్లాడియం మీద కొత్త పేపర్ ఒకటి దొరికిందని, మామూలు దానికంటే పదిహేను రెట్లు అని రాశారని చెప్పింది. నేను ఏదో అనబోతుంటే తనే అందుకుంది. "ఆగు మామా, ఫస్ట్ మెథడ్స్ చూసిన. సెల్‌ల పెట్టలే, బీకర్‌లనే చూసిండ్రు."